గోధుమ పొలంలో మొలిచిన కొండ

పొలంలో పైరు మొలుస్తుంది. కలుపు మొలుస్తుంది. కొండ మొలుస్తుందా? జపాన్ దేశంలో ఒక ఊళ్లో మొలిచింది. ఆ ఊరి పేరు సోబెట్సు.

జపాన్‌కు ఉత్తరాన హొక్కైడో అనే పెద్ద దీవి ఉంది. సోబెట్సు ఆ దీవిలోని చిన్న ఊరు. మూడు వేల మంది కూడా ఉండరు. ఆపిల్, ద్రాక్ష తోటలు పెంచుతారు. ఊరి దగ్గర తోయా అనే పెద్ద సరస్సు ఉంది. దాని ఒడ్డున ఉసు అనే కొండ ఉంది. అది మామూలు కొండ కాదు. అగ్నిపర్వతం.

అగ్నిపర్వతం అంటే ఏమిటి?

భూమి లోపల, చాలా లోతున, విపరీతమైన వేడి ఉంటుంది. ఆ వేడికి రాళ్లు కూడా కరుగుతాయి. కరిగిన రాయి పైకి తోసుకొస్తుంది. కుండలో అన్నం ఉడికేటప్పుడు ఆవిరి మూతను ఎగదన్నుతుంది కదా! ఇదీ అలాంటిదే. నేల పగిలి బూడిద, రాళ్లు, ఆవిరి ఎగజిమ్ముతాయి.

పోస్టుమాస్టరు గీసిన బొమ్మలు

1943 డిసెంబరు చివరలో సోబెట్సులో నేల అదరడం మొదలైంది. కొన్నాళ్లకు గోధుమ పొలాలు ఉబ్బసాగాయి. 1944 జూన్‌లో పొలం బద్దలైంది. పొగ, బూడిద లేచాయి. లోపలి రాయి జావలా పారలేదు. గట్టి ముద్దలా పైకి లేచింది. 1945 సెప్టెంబరు దాకా పెరుగుతూనే ఉంది. పది తాటిచెట్లు ఒకదానిపై ఒకటి నిలబెట్టినా అందనంత కొండ అయింది. దాన్ని షోవా షిన్‌జాన్ అంటారు. షిన్‌జాన్ అంటే కొత్త కొండ.

అవి యుద్ధం రోజులు. జనం బెదిరిపోతారని సర్కారు ఈ వార్తను బయటకు పొక్కనివ్వలేదు. మరి కొండ పెరిగిన తీరు మనకెలా తెలిసింది?

ఆ ఊరి పోస్టుమాస్టరు మిమాత్సు మసావో వల్ల తెలిసింది. ఆయన శాస్త్రవేత్త కాదు. ఆయన దగ్గర పెద్ద యంత్రాలు లేవు. పోస్టాఫీసు వెనక గుంజలు పాతి, అడ్డంగా దారాలు కట్టాడు. గడ్డం కదలకుండా ఒక చోట ఆనించి చూసేవాడు. ఏ దారం దాకా కొండ పెరిగిందో కాగితం మీద గీసేవాడు. తేదీ వేసేవాడు. అలా నెలల తరబడి చేశాడు. 1948లో నార్వే దేశంలో జరిగిన శాస్త్రవేత్తల సభలో ఆ బొమ్మలు చూపించారు. పెద్ద పెద్ద పండితులు మెచ్చుకున్నారు.

రైతుల భూములు ఆ కొండ కిందే పోయాయి. 1946లో మిమాత్సు సొంత డబ్బు పెట్టి ఆ భూమి కొన్నాడు. కొండ పాడు కాకుండా కాపాడాడు.

పటం ఇంటింటికీ చేరింది

ఉసు 1977లో మళ్లీ పేలింది. 1978లో బురద వరద వచ్చి ముగ్గురు పోయారు. అయినా కొందరు ప్రమాదం మాట ఎత్తవద్దన్నారు. అక్కడ వేడినీటి ఊటలున్నాయి. యాత్రికులు రాకపోతే బతుకుతెరువు పోతుందని వాళ్ల భయం.

కానీ పాత రాతలన్నీ ఒకే సంగతి చెబుతున్నాయి. ఉసు పేలే ముందు నేల అదురుతుంది. 1995లో ప్రమాద పటం అచ్చు వేసి ఇంటింటికీ పంచారు. ఏ చోటు ప్రమాదమో అందులో ఉంది.

2000 మార్చి 27న నేల అదరడం మొదలైంది. శాస్త్రవేత్తలు కొద్ది రోజుల్లో కొండ పేలుతుందని చెప్పారు. పది వేల మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు. మార్చి 31న కొండ పేలింది. ఇళ్లు కూలాయి. రోడ్లు విరిగాయి. కొందరు నెలల తరబడి తమ ఇళ్లకు రాలేకపోయారు. కానీ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మాట్లాడుకుందాం

1. మిమాత్సు బొమ్మల మీద తేదీ వేయకపోతే ఏమయ్యేది?

2. ఇంటికి పటం వచ్చినా చదవడం రాకపోతే ఏం లాభం?

3. మీ ఊరికి వరద, కరువు, జబ్బులు ఏ ఏడు వచ్చాయి? పెద్దవాళ్లను అడగండి. మీ నోటు పుస్తకంలో రాయండి.