అది ఈతచెట్టు కాదు



ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటున్నాను. మన ఆఫీసు రూము మెట్ల పక్కన రెండు పెద్ద కుండీలు ఉన్నాయి కదా, వాటిలో ఉన్నవి పొట్టి ఈతచెట్లు అని ఐదో తరగతి పిల్లలకు చెప్పింది నేనే. మా ఊరి వాగు పొడుగునా ఈతచెట్లే. ఈతాకుతో మా అమ్మమ్మ చాపలు అల్లుతది, చీపుర్లు కడుతది. నాకు ఈత తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తది అనుకున్న. ఇప్పుడు వాటిలో ఒకదానికి నడిమధ్యన నారింజ రంగు కాయల్లాంటివి వచ్చినయ్. చిన్నపిల్లలు ఈతపండ్లు ఎప్పుడు మాగుతాయి అక్కా అని అడుగుతున్నరు. అందుకే ఈసారి గోడపత్రికకు కథ రాయకుండా ఇది రాస్తున్న.

నాకు అసలు సంగతి తెలిసింది హైదరాబాదులో. మా తరగతిని విహారయాత్రకు తీసుకుపోయినప్పుడు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం చూసి, అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్‌కు పోయినం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1935లో కట్టిన రాతి మార్కెట్ అది. ఆయన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. మధ్యన గడియారం బురుజు ఉంటుంది. అందరూ ఐస్‌క్రీమ్ దగ్గర నిలబడ్డరు. నేను మాత్రం ఒక పూల తాత దగ్గర నిలబడ్డాను. ఆయన పూలగుత్తులు కడుతున్నడు. గులాబీల వెనక పచ్చటి ఆకులు నెమలి పురి విప్పినట్టు పేరుస్తున్నడు. "తాతా, మా ఊళ్ళో ఈతాకు ఊరికే దొరుకుతది, మీరు కొంటారా?" అన్నాను. తాత నవ్విండు. "ఈత కాదు బిడ్డా, సైకస్. కోసి పెట్టినా చాలా రోజులు వాడదు, అందుకే కడుతం. చేత్తో పట్టి చూడు" అని ఒక ఆకు ఇచ్చిండు. డబ్బులు తీసుకోలేదు.

ఆ ఆకును నోట్‌బుక్కులో పెట్టి తెచ్చిన. మన గ్రౌండు వెనక నుంచి ఒక ఈత మట్ట కోసి, రెండూ బల్ల మీద పెట్టి బయాలజీ సారుతో కలిసి చూసినం.

దూరం నుంచి చూస్తే ఎవరైనా మోసపోతారు. రెండింటికీ ఈకలాంటి ఆకులే. రెండింటికీ మట్ట మొదట్లో ముళ్ళే. కానీ ఒక్కొక్క చిన్నాకును పట్టి చూడాలి. ఈతాకు నడుమ పైకి మడిచినట్టు ఉంటది, దోనె లాగ. వాన చుక్క పడితే అందులో నిలుస్తది. సైకస్ చిన్నాకు అట్ల కాదు. దాని అంచులు రెండూ కిందికి చుట్టుకుని ఉంటాయి. వెనక్కి తిప్పి వేలితో రాస్తే ఆ చుట్టు తగులుతుంది. దీని పూర్తి పేరు సైకస్ రివొల్యూటా. రివొల్యూటా అంటే అంచు వెనక్కి చుట్టుకున్నది అని సారు చెప్పారు. పేరులోనే గుర్తు పెట్టారన్న మాట! ఇంకొకటి, సైకస్ చిన్నాకులో నడిమి ఈనె ఒక్కటే ఉంటది, పక్క ఈనెలు అసలే ఉండవు. ఈతాకులో నిలువునా సన్నటి గీతలు చాలా కనిపిస్తయ్.

కొత్త చిగురు వచ్చినప్పుడైతే ఆకు కోయనవసరమే లేదు. ఈతకు మొవ్వులో నుంచి పుల్ల లాగ ఒకటి తర్వాత ఒకటి వస్తది. సైకస్‌కు ఒక్కసారే గుంపుగా చుట్టూ లేస్తయ్, చిన్నాకుల కొసలు గడియారం స్ప్రింగులాగ చుట్టుకుని ఉంటయ్. పోయిన వానాకాలం మన కుండీలో అట్లనే వచ్చినయ్. నేను చూసి కూడా ఆలోచించలేదు.

తాళ్ళలో పోతుతాడు, పెంటితాడు వేరు వేరు ఉన్నట్టే సైకస్‌లో కూడా ఆడ, మగ వేరు. మగదానికి నడుమ పొడుగ్గా, పసుపు రంగులో మొక్కజొన్న కంకి లాంటిది నిలబడుతుంది. ఆడదానికి బూరుతో నిండిన గోధుమరంగు గుండ్రటి బుట్ట లాగ వస్తది. ఆ బూరు రెక్కల అంచులకే గింజలు ఉంటాయి. మనది ఆడది. దీనికి పువ్వు పూయదు కాబట్టి పండు కూడా లేదు. మనకు పండులాగ కనిపించేది ఒట్టి గింజే. డైనోసార్ల కంటే ముందు నుంచే ఈ జాతి చెట్లు భూమి మీద ఉన్నాయట.

ఆ గింజ విషం. చెట్టంతా విషమే గానీ గింజలో ఎక్కువ. తింటే వాంతులు అవుతాయి, కాలేయం చెడిపోతుంది. కుక్కలు తిని చచ్చిపోతాయి. ఈ రకం చెట్ల ఆకులు మేసిన పశువులకు వెనక కాళ్ళు పడిపోతాయి.

ఈ చెట్టు సొంత ఊరు జపాను దక్షిణ దీవులు. అక్కడ దీన్ని సొతెత్సు అంటారు. దాని మొద్దులో, గింజల్లో ఉన్న పిండిని కడిగి, పులియబెట్టి, ఎండబెట్టి విషం తీసి తినేవారు. మన దగ్గర ఒక రకం అడవిగడ్డను సన్నగా తరిగి రాత్రంతా పారే వాగులో పెట్టి తింటారు చూడండి, అట్లాంటిదే. 1920లలో చక్కెర ధర పడిపోయి ఒకినావాలో తిండి లేనప్పుడు, సరిగ్గా కడగకుండా తిని కొందరు చనిపోయారు. ఆ రోజులకు సొతెత్సు నరకం అనే పేరు వచ్చింది. ఇంగ్లీషులో దీన్ని సాగో పామ్ అంటారు. అంతమాత్రాన మన సగ్గుబియ్యం దీంతో చేసింది కాదు, అది కర్రపెండలం దుంపతో చేస్తారు. పాయసం భయపడకుండా తినండి.

మన తెలుగు నేల మీద కూడా సైకస్ అడవిలో పెరుగుతుంది. తిరుపతి దగ్గర శేషాచలం కొండల్లో ఉండే దాని పేరు సైకస్ బెడ్డోమి. దాన్ని తెలుగులో పేరీత అన్నారు. అంటే ఈత అనుకున్నది నేనొక్కదాన్నే కాదు, పెద్దవాళ్ళు కూడా!

గింజల సంగతి వార్డెన్ మేడమ్‌కు నిన్న చెప్పిన. తీయించి గుంటలో పూడ్పిస్తామన్నరు. అప్పటిదాకా ఐదో తరగతి చెల్లెళ్ళు కుండీల దగ్గర వంటలాట ఆడొద్దు.

ఈ కాగితం కింద రెండు ఆకులు దారంతో కట్టిన. ఎడమ పక్కది ఈత, కుడి పక్కది మొజంజాహీ మార్కెట్ తాత ఇచ్చిన సైకస్. వెనక్కి తిప్పి అంచు తడిమి చూడండి. కొసలు గుచ్చుకుంటయ్, జాగ్రత్త.