బావి తవ్వితే నీరు పడని ఊరు

నూజివీడు మామిడితోటల్లోని పాతబావుల సంగతి మీకు తెలుసు. ఎండాకాలంలో తోడిన నీళ్లు చల్లగా ఉంటాయి. చలికాలం తెల్లవారుజామున అవే గోరువెచ్చగా తగులుతాయి. నిజానికి మారింది నీరు కాదు, పైనున్న గాలి! ఎండైనా, చలైనా నేలలోకి చాలా నెమ్మదిగా దిగుతుంది. పది పదిహేను మీటర్ల లోతున ఋతువుల తేడా దాదాపు కనిపించదు. అక్కడి నేల ఏడాది పొడవునా ఆ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది.

మరి ఆ సగటే సున్నా డిగ్రీలకంటె బాగా తక్కువైతే? సైబీరియాలోని యాకుట్‌స్క్ అలాంటి ఊరే. 1828లో షెర్గిన్ అనే ఆయన అక్కడ బావి తవ్వించడం మొదలుపెట్టాడు. 1837 నాటికి 116 మీటర్లు దిగినా నీరు పడలేదు. అంతలోతునా నేల గడ్డకట్టే ఉంది! తరువాత మిడ్డెన్‌డార్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు అందులో ఉష్ణోగ్రతలు కొలిచాడు. లోతుకు పోయినకొద్దీ చలి తగ్గుతోంది. అది భూగర్భపు వేడి ప్రభావం. అందుకే గడ్డకట్టిన పొరకూ ఒక అడుగు ఉంటుంది.

కనీసం రెండేళ్లపాటు ఎడతెగకుండా సున్నా డిగ్రీలు దాటని నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో దాని పైపొర మాత్రమే కరుగుతుంది.

నల్లరేగడి చేలు ఎండకు నెర్రెలు విచ్చడం చూశారు గదా! అక్కడ నేల చలికి కుంచించుకుని పగులుతుంది. వసంతంలో కరిగిన మంచునీరు పగుళ్లలోకి దిగి గడ్డకడుతుంది. మరో చలికాలం మళ్లీ అక్కడే పగులుతుంది. ఇలా వందల, వేల ఏళ్లలో మంచు మేకుల్లా లోపలికి పెరుగుతుంది. పైనుంచి చూస్తే నేలంతా తేనెపట్టు గదుల్లా కనిపిస్తుంది.

ఆ మంచు కరిగితే నేల కుంగుతుంది. గుంటల్లో చేరిన నీరు వేడిని పట్టి ఉంచి, చుట్టుపక్కల నేలనూ కరిగిస్తుంది. సైబీరియాలోనే బటగై దగ్గర అడవిని నరికాక నీడ పోయి నేల కరగసాగింది. ఇప్పుడక్కడ కిలోమీటరు పొడవున పెద్ద గొయ్యి ఉంది.

ఇది మనకెందుకు? మామిడితోటలో రాలిన ఆకు త్వరలోనే కుళ్లి మట్టిలో కలుస్తుంది. అక్కడ వేల ఏళ్లనాటి మొక్కలు కుళ్లకుండా ఉన్నాయి. వాతావరణంలో ఉన్నదానికి సుమారు రెండింతల కార్బన్ ఆ నేలల్లో దాగి ఉంది. నేల కరిగితే సూక్ష్మజీవులు దానిని కార్బన్ డయాక్సైడ్‌గా, మీథేన్‌గా మారుస్తాయి. భూమి ఇంకా వేడెక్కుతుంది. గాలికి ఎల్లలు లేవు. ఆ వేడి నూజివీడు తోటలనూ వదలదు.

జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి పెద్దవాళ్ల చేత బావినీరు తోడించి థర్మామీటరుతో కొలవండి. గాలి ఉష్ణోగ్రతనూ పక్కనే రాసుకోండి. దేనిలో తేడా ఎక్కువో మీకే తెలుస్తుంది.