నీటి స్కీయింగ్ – పలక ముందా? పడవ ముందా?

పోచారం అలుగు దుంకుతున్నదని తెలిస్తే మన విద్యార్థులకు కాలు నిలువదు. ఎల్లారెడ్డి బస్సెక్కి, నాగిరెడ్డిపేట వైపు పోయి, కట్టమీద నిలబడి ఆ నీళ్లు చూడనివారు మనలో అరుదు. అంత నీటిని చూసి, టెలివిజన్‌లో మోటారు బోటు వెనుక తాడు పట్టుకుని జారిపోయే ఆటగాణ్ణి తలచుకుని, "ఈ ఆట మన దగ్గరెందుకు ఉండకూడదు?" అని అడిగే మిత్రులున్నారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

చిత్రమేమంటే, పోచారం ప్రాజెక్టు పూర్తయిన 1922లోనే ఈ ఆట కూడా పుట్టింది. ఆ ఏడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, పెపిన్ సరస్సుమీద, రాల్ఫ్ శామ్యూల్సన్ అనే 18 ఏళ్ల కుర్రవాడు రెండు చెక్కపలకలు కాళ్లకు కట్టుకుని పడవ వెనుక నిలబడి జారాడు.

ఇందులో స్లాలమ్ అనే పోటీ మిక్కిలి కఠినమైనది. 259 మీటర్ల దారిలో బోటు నడుమ గీతమీద నేరుగా పోతుంది. ఆ గీతకు 11.5 మీటర్ల దూరాన, ఇటు మూడు అటు మూడు, ఆరు బుడగలు తేలుతుంటాయి. ఆటగాడు ఒక్కొక్కదాన్నీ బయటి పక్కగా చుట్టి రావాలి. వేగం పెంచుతూ పోతారు. పురుషులకు గంటకు 58, స్త్రీలకు 55 కిలోమీటర్లు హద్దు. ఆపైన 18.25 మీటర్ల తాడును కురుచ చేస్తూ వస్తారు. తాడు 11.25 మీటర్లకు వచ్చిందంటే బుడగ దూరంకన్న తాడే చిన్నదన్నమాట! మిగిలినది ఒంటిని వాల్చి, చేయి చాచి అందుకోవలసిందే.

ఇక పడవ సంగతి. ఆటగాడు ప్రతిసారీ బోటు వెనుక లేచే అలను దాటాలి. గావున అల ఎంత చిన్నదైతే అంత మేలు. స్లాలమ్ బోటులో ఇంజను నడుమ ఉంటుంది, తాడు కట్టే స్తంభమూ నడుమనే. ఫంకా అడుగుభాగాన ఉంటుంది. అందువలన అల పలచగా ఉంటుంది, ఆటగాడు పక్కకు లాగినా బోటు తోక ఊగదు. ఇంజను వెనుక భాగాన ఉన్న బోట్లు పెద్ద అల లేపుతాయి. అవి ఎగిరి దుమికే వేక్‌బోర్డు ఆటకు బాగు, దీనికి కాదు.

పలక విషయానికొస్తే, స్లాలమ్‌కు ఒక్కటే పలక. రెండు పాదాలూ దానిమీదే, ఒకదాని వెనుక ఒకటి. ఎంత పొడవుదనేది బరువునూ వేగాన్నీ బట్టి ఉంటుంది. 60–70 కిలోలవారికి పోటీ వేగాన సుమారు 65, 66 అంగుళాలది సరిపోతుంది. మెల్లగా పోయేవారికి ఇంకొంచెం పెద్దదీ, వెడల్పుదీ కావాలి. వంపు ఎక్కువున్న పలక తేలికగా తిరుగుతుంది గాని వేగం తగ్గుతుంది. చదునైనది వేగంగా పోతుంది, తిరగడం కష్టం. కొత్తవారు ముందు రెండు పలకలమీద నిలబడడం నేర్వాలి. పాదాల పట్టీ బిగువుగా ఉండాలి, కాని పడినప్పుడు కాలు ఊడి రావాలి. లేకుంటే చీలమండకు ముప్పు.

అయితే పలకకన్న, పడవకన్న ముందు చూడవలసినది నీరు. 1923–31 మధ్య నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో మంజీరమీద కట్టిన నిజాంసాగర్ పెద్దదే. కాని ఆ నీరు పొలాలది. యాసంగిలో నీరు దిగిపోతే రాళ్లూ మోడులూ పైకి వస్తాయి. గాలి వీస్తే అలలు లేస్తాయి. జాలర్ల వలలుంటాయి. పోచారం చుట్టూ అభయారణ్యమున్నది, చలికాలం వలస పక్షులు దిగుతాయి. అక్కడ మోటారు బోటు హోరు ఎవరికి మేలు? ఇతర దేశాల్లో ఈ ఆటకోసమే పొడుగాటి చెరువులు తవ్వుకుంటారు. మనకూ అదే దారి.

ఆఖరి మాట. ప్రతి వానాకాలం ఈతకు దిగి మునిగిపోయిన యువకుల వార్తలు చదువుతూనే ఉన్నాము. "నాకు ఈత వచ్చు" అన్నవారే వారిలో కొందరు. ఈ ఆటలో ప్రపంచ విజేత సైతం తేలే జాకెట్టు తొడగకుండా నీటిలో దిగడు. బోటు నడిపేవాడొకడు, వెనుకకు తిరిగి ఆటగాణ్ణే చూస్తుండేవాడు ఇంకొకడు ఉండి తీరాలి. మిత్రులారా, మొదట కొనవలసినది పలక కాదు, జాకెట్టు!