మోకాలు నొప్పా? ముందు మీ ఐస్ స్కేట్స్ సైజు చూసుకోండి

ఈ ఎపిసోడ్ ఐస్ హాకీ గురించి. "మన తెలుగోళ్ళకి ఐస్ హాకీ ఏంటి బ్రో" అనుకునేవాళ్ళకి ఒక్క మాట. నేను ఉండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. ఇక్కడ ఎండాకాలం మన విజయవాడకి ఏమీ తీసిపోదు. కానీ ఎన్‌హెచ్‌ఎల్ టీమ్ డాలస్ స్టార్స్ ప్రాక్టీస్ చేసే రింక్ ఈ ఊళ్ళోనే ఉంది. చుట్టుపక్కల ఇంకా రింక్‌లు ఉన్నాయి. పెద్దవాళ్ళకి కూడా బిగినర్ క్లాసులు, లీగులు నడుస్తాయి. మా టీమ్‌లోనే ముగ్గురం తెలుగువాళ్ళం. ఇక్కడే కాదు, టొరంటోలో, మినియాపోలిస్‌లో ఉంటూ ఇరవై ఐదేళ్ళు దాటాక స్కేట్స్ వేసుకున్న మనవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ వీడియో మీకే.

ముందు నా సంగతి చెప్తాను. ఆట మొదలెట్టిన నాలుగో నెలలో కుడి మోకాలు నొప్పి స్టార్ట్ అయింది. మోకాలు చిప్ప కింద, ముందు వైపు. ఆడేటప్పుడు ఓకే, మర్నాడు పొద్దున మెట్లు దిగుతుంటే ప్రాణం పోయేది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, "ఏరా, గొంతు అలా ఉందేంటి, మళ్ళీ ఆ మంచు మీద ఆటలేనా? మోకాళ్ళు పోతే అక్కడ నిన్నెవరు చూస్తారు?" అంది. "ఏం లేదమ్మా, నిద్ర సరిపోలేదు" అని అబద్ధం చెప్పా. ఆ తర్వాత రెండు నెలలు ప్రతి మ్యాచ్‌కి ముందు రెండు ఐబుప్రొఫెన్ మింగి దిగేవాణ్ణి.

ఆ పని మాత్రం మీరు చేయకండి. ఒకటి, నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. రెండు, నీళ్ళు సరిగ్గా తాగకుండా, చెమటలు కక్కుతూ ఆడేటప్పుడు ఆ మాత్రలు కడుపుకీ కిడ్నీలకీ మంచివి కావు.

చివరికి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ మోకాలు చూసింది, తుంటి చూసింది, తర్వాత "నీ స్కేట్స్ తీసుకొచ్చావా?" అని అడిగింది. కారు డిక్కీలోంచి తెచ్చి వేసుకుని నిలబడ్డా. మడమ వెనక ఆవిడ రెండు వేళ్ళు దూరాయి. అసలు కథ అక్కడ బయటపడింది.

షూ సైజే స్కేట్ సైజు అనుకోవడం

నా షూ సైజు 10. ఆన్‌లైన్‌లో డిస్కౌంట్ కనబడితే స్కేట్స్ కూడా 10 ఆర్డర్ పెట్టేశా. తప్పు అక్కడే జరిగింది. బావర్, సీసీఎం లాంటి హాకీ స్కేట్స్ మామూలుగా మన షూ సైజు కంటే 1 నుంచి 1.5 సైజు తక్కువ పడతాయి. అంటే నాకు కావాల్సింది 8.5. ఒకటిన్నర సైజు పెద్ద స్కేట్స్‌లో ఆరు నెలలు ఆడాను అన్నమాట.

మనకి ఇది చిన్నప్పటి అలవాటు కూడా. స్కూల్ షూ కొనేటప్పుడు "కాలు పెరుగుద్ది, ఒక సైజు పెద్దది తీసుకో" అని, ముందు దూది కుక్కి పంపించేవాళ్ళు కదా. షూకి అది నడుస్తుంది. స్కేట్‌కి నడవదు. ఎందుకో చెప్తా.

స్కేట్ కింద ఉన్న బ్లేడ్ మందం సుమారు 3 మిల్లీమీటర్లు. మీ మొత్తం బరువు దాని మీద నిలబడాలి. మడమ లోపల గట్టిగా కూర్చుంటే కాలు ఎటు వంగితే బ్లేడ్ అటు వంగుతుంది. వదులుగా ఉంటే మాత్రం కాలు ఒకవైపు, స్కేట్ ఇంకోవైపు. చీలమండ లోపలికి వాలిపోతుంది, దాంతో పాటు మోకాలు కూడా లోపలికి వంగుతుంది. ప్రతి తోపుకీ, ప్రతి స్టాప్‌కీ మోకాలు చిప్ప మీద పక్క నుంచి లోడ్ పడుతుంది. గంట ఆటలో అది కొన్ని వందల సార్లు. పైగా కాళ్ళ కింద పట్టు లేదని భయం వేసి మోకాళ్ళు వంచకుండా కర్రలా నిలబడతాం. అది ఇంకా డేంజర్.

ఇక ఆ వదులుని కవర్ చేయడానికి మనం ఏం చేస్తాం? లేసులు బలంగా లాగి కడతాం. దాంతో మోకాలి నొప్పికి తోడు పాదం నొప్పి కూడా వస్తుంది.

ఇంట్లోనే చేసుకునే నాలుగు చెక్‌లు

ఫోన్ పక్కన పెట్టి స్కేట్స్ తెచ్చుకోండి. ఆటకి వేసుకునే సాక్సే వేసుకోండి, పల్చటివి.

మొదటిది, వేళ్ళు. లేసులు కట్టి నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు భాగానికి అలా ఈక తగిలినట్టు తగలాలి. మోకాళ్ళు వంచి ఆడే పొజిషన్‌లోకి వస్తే మడమ వెనక్కి జరిగి, వేలు కొంచెం వదులు అవ్వాలి. నిలబడినా వంగినా వేలు ముడుచుకునే ఉంటే చిన్నది. అసలు తగలకపోతే పెద్దది.

రెండోది, మడమ. లేసులు వదులు చేసి, వేళ్ళు ముందుకి తగిలేలా పాదం జరిపి, ముందుకి వంగండి. మడమ వెనక ఎవరినైనా వేలు పెట్టి చూడమనండి. ఒక్క వేలు కష్టంగా దూరితే పర్లేదు. అంతకంటే ఎక్కువ ఖాళీ ఉంటే సైజు పెద్దది.

మూడోది, పెన్సిల్ టెస్ట్. స్కేట్‌లో కాలు పెట్టి, లేసులు కట్టకుండా, షూ నాలుకని ముందుకి లాగేయండి. పైనుంచి మూడో లేసు కన్నం దగ్గర పెన్సిల్ అడ్డంగా పెట్టండి. పెన్సిల్ రెండు వైపులా అంచులకి ఆని, పాదాన్ని తాకకుండా ఉంటే స్కేట్ లోతు సరిపోయింది. పాదం మీద ఆని పెన్సిల్ అటూ ఇటూ ఊగుతుంటే మీ పాదం ఎత్తుకి ఆ స్కేట్ లోతు చాలదు.

నాలుగోది, వెడల్పు. పక్కల నుంచి పాదాన్ని నొక్కేసి పది నిమిషాల్లో తిమ్మిరి వస్తుంటే ఇరుకు. ఇప్పటి మోడల్స్‌లో పొడవుతో పాటు వెడల్పుకి కూడా సైజులు ఉంటాయి. బావర్‌లో ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3. సీసీఎంలో టేపర్డ్, రెగ్యులర్, వైడ్. మనలో చాలామంది చిన్నప్పటి నుంచి చెప్పులతో, ఒట్టి కాళ్ళతో తిరిగి పెరిగినవాళ్ళం. మీ పాదం ముందు భాగం వెడల్పుగా ఉంటే ఇరుకు మోడల్ కొని బాధపడకండి. షాప్‌లో రెండు పాదాలూ కొలిపించుకోండి, రెండూ ఒకేలా ఉండాలని రూల్ ఏమీ లేదు.

కొన్నాక షాప్‌లోనే "బేకింగ్" చేయించుకోవచ్చు. స్కేట్‌ని ప్రత్యేకమైన ఓవెన్‌లో కొన్ని నిమిషాలు వేడి చేసి, మెత్తగా ఉండగానే కాలికి వేసి లేసులు కట్టి కూర్చోబెడతారు. చల్లారేలోపు అది మీ పాదం ఆకారం పట్టుకుంటుంది. ఆ తర్వాత ఒక రోజు ఆగి ఐస్ మీదకి వెళ్ళాలి. అన్ని మోడల్స్‌కీ కుదరదు, అడిగి చేయించుకోండి. ఇంట్లో పిజ్జా ఓవెన్‌లో ప్రయోగాలు వద్దు. ఇంకోటి, బేకింగ్ వల్ల సైజు తప్పు సరికాదు. సరైన సైజుని ఇంకొంచెం కంఫర్ట్ చేస్తుంది, అంతే.

ఎక్కడ నొప్పి వస్తే ఏంటి అర్థం

చీలమండ ముందు భాగంలో, లేసులు కట్టే చోట మంటగా నొప్పి వస్తే దాన్ని "లేస్ బైట్" అంటారు. కొత్త చెప్పులు కరిచాయి అంటాం కదా, ఇక్కడ కరిచేది లేసు. అక్కడ చర్మం కిందే పాదాన్ని పైకి లేపే స్నాయువు ఉంటుంది. గట్టి నాలుకా బిగుతు లేసులూ దాన్ని నలిపేస్తాయి. అక్కడ ఒక లేసు కన్నం వదిలేసి కట్టండి, లేదా లోపల జెల్ ప్యాడ్ పెట్టండి. నాలుక అరిగిపోతే మార్పించండి. అయినా తగ్గకపోతే పెన్సిల్ టెస్ట్ మళ్ళీ చేయండి.

చీలమండ పక్క ఎముక దగ్గర ఒకే పాయింట్‌లో నొప్పి వస్తే, ఆ చోట లోపలి నుంచి ఉబ్బెత్తుగా సాగదీస్తారు. "పంచింగ్" అని అడగండి, చిన్న పని.

మడమ వెనక ఎముక మీద బొడిపె లేస్తే సాధారణంగా అక్కడ రాపిడి జరుగుతోందని. ఇది హాకీ ఆడేవాళ్ళలో ఎంత కామన్ అంటే స్కేట్ బ్రాండ్ పేరు మీదే దాన్ని "బావర్ బంప్" అని పిలుస్తారు.

అరికాలు పట్టేస్తుంటే బిగినర్స్‌లో మామూలు కారణం ఏంటంటే, పడిపోతామనే భయంతో కాలివేళ్ళతో స్కేట్‌ని గోళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకోవడం. లేసులు కింద వేళ్ళ దగ్గర కొంచెం వదులుగా, మధ్యలో చీలమండ మలుపు దగ్గర బిగుతుగా, పైన మళ్ళీ మోకాలు వంగేంత వదులుగా కట్టండి. కట్టే ముందు మడమని నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి కూర్చోబెట్టడం మర్చిపోకండి.

సాన పట్టించేటప్పుడు ఒక నంబర్ చెప్పాలి

స్కేట్ బ్లేడ్ కింద చదునుగా ఉండదు. మధ్యలో సన్నటి గాడి, రెండు వైపులా రెండు అంచులు. ఆ గాడి ఎంత గుండ్రమో చెప్పే నంబర్‌ని "హాలో" అంటారు. 3/8 అంగుళం, 1/2, 5/8 ఇలా. నంబర్ చిన్నదైతే గాడి లోతు ఎక్కువ, అంచు ఐస్‌లోకి ఎక్కువ దిగుతుంది. టర్నింగ్‌లో పట్టు బాగుంటుంది, కానీ స్టాప్ కొట్టేటప్పుడు ఆ కుదుపు మోకాళ్ళ మీదా గజ్జల మీదా పడుతుంది. బరువు ఎక్కువున్నవాళ్ళు మామూలుగానే ఐస్‌లోకి ఎక్కువ దిగుతారు. నేను 84 కిలోలు ఉండి, టీమ్‌మేట్ చెప్పాడని 3/8 పెట్టించా. ఇప్పుడు 5/8. స్టాప్ చేసేటప్పుడు తేడా మొదటి రోజే తెలిసింది. మొదలెట్టేవాళ్ళు 1/2తో మొదలెట్టి అటో ఇటో జరగొచ్చు.

సాన పట్టించి తెచ్చాక స్కేట్ తలకిందులు చేసి బ్లేడ్ మీద ఒక నాణెం అడ్డంగా పెట్టి చూడండి. ఒక పక్కకి వాలితే రెండు అంచులూ సమానంగా లేవని. అలాంటి బ్లేడ్ మిమ్మల్ని ఒక వైపుకే లాగుతుంది, ఆ తేడాని మోకాలు మోయాలి. మళ్ళీ చేయించండి, మొహమాటపడకండి.

స్కేట్స్ కరెక్టే, అయినా నొప్పా?

ఇక్కడ మన ఉద్యోగం మాట్లాడాలి. రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుంటాం. తుంటి ముందు కండరాలు బిగుసుకుపోతాయి, వెనకవి బలహీనపడతాయి. రాత్రి పదిన్నరకి రింక్‌లో స్లాట్, వార్మప్ లేకుండా డైరెక్ట్‌గా దిగుతాం. స్కేటింగ్‌లో కాలు పక్కకి తోయాలి, దాన్ని మళ్ళీ లోపలికి లాక్కోవాల్సింది తొడ లోపలి కండరాలు. 2001లో ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళ మీద వచ్చిన ఒక స్టడీలో, ఈ లోపలి కండరాల బలం బయటి కండరాల బలంలో 80 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్ళకి అక్కడ కండరం పట్టే రిస్క్ 17 రెట్లు ఎక్కువని తేలింది. వాళ్ళే అలా ఉంటే మనమెంత?

నేను వారానికి మూడు రోజులు చేసేవి ఇవి. మోకాళ్ళ మధ్య బంతి పెట్టి నొక్కడం. కాళ్ళకి రబ్బర్ బ్యాండ్ వేసుకుని పక్కకి నడవడం. గోడ కుర్చీ, అంటే స్కూల్లో పనిష్మెంట్‌గా వేయించేవాళ్ళు కదా, అదే. ఒంటికాలి మీద కొంచెం కొంచెం కూర్చుని లేవడం. మొత్తం పదిహేను నిమిషాలు.

కొన్ని నొప్పులకి మాత్రం స్కేట్స్ చూసుకుంటూ కూర్చోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మోకాలు వాచినా, మధ్యలో లాక్ అయిపోయినా, నడుస్తుంటే సడెన్‌గా వదిలేసినట్టు అయినా. పడ్డప్పుడు "టప్" మని వినబడినా, కాలు మీద బరువు వేయలేకపోయినా. ఆట అయ్యాక కూడా తిమ్మిరి పోకపోయినా. కూర్చుని లేచినప్పుడల్లా గజ్జల లోపల గుచ్చినట్టు ఉన్నా. రెండు వారాలు రెస్ట్ ఇచ్చినా తగ్గకపోయినా.

ఒక్కసారికి ఒక్క మార్పు

కోడింగ్ చేసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఒకేసారి నాలుగు లైన్లు మారిస్తే ఏ లైన్ బగ్ ఫిక్స్ చేసిందో తెలియదు. స్కేట్స్ కూడా అంతే. ముందు సైజు, తర్వాత లేసులు, తర్వాత సాన. ఒక్కో మార్పుకీ రెండు మూడు సెషన్లు టైమ్ ఇవ్వండి. ఫోన్‌లో నోట్స్ తీసి మూడే రాయండి: ఎక్కడ నొప్పి, ఎప్పుడొచ్చింది, పదికి ఎంత. ఫ్రెండ్‌తో ఎదురుగా నిలబడి ఒక వీడియో తీయించుకోండి. చీలమండలు లోపలికి వాలుతున్నాయో లేదో స్లో మోషన్‌లో క్లియర్‌గా కనబడుతుంది.

నాకు 8.5 సైజు స్కేట్స్ వచ్చాక మోకాలు ఒక్క రోజులో బాగవలేదు. ఆరు వారాలు పట్టింది, అందులో మూడు వారాలు మ్యాచ్‌లు ఆడలేదు. బెంచ్ వెనక నిలబడి వాటర్ బాటిళ్ళు అందించా. మాతోపాటు మొదలెట్టిన ఒకతను ఇలాంటి నొప్పితోనే ఆట మానేశాడు. కిట్ బ్యాగ్ గ్యారేజ్‌లో పడుంది. పోయిన వారం అతని స్కేట్స్ సైజు అడిగా. షూ సైజూ అదే, స్కేట్ సైజూ అదే. ఈ శనివారం ఇద్దరం షాప్‌కి వెళ్తున్నాం, పాదాలు కొలిపించడానికి.

అమ్మకి కూడా మొన్న మొత్తం చెప్పేశా. విని, "మరి షూ కొనేటప్పుడు వేసి చూసుకోవాలి కదరా" అంది. అంతే ఫ్రెండ్స్, ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ముక్కే. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం, మాత్రలు మింగి మాత్రం ఆడకండి.