వర్చువల్ మెషీన్‌లో మెయిల్ ఫైలుకు చోటెక్కడ?

మ్యాక్ కొనుక్కున్నవాళ్లు, లినక్స్‌కు మారినవాళ్లు చాలామంది విండోస్‌ను పూర్తిగా వదులుకోలేరు. ఆఫీసు మెయిలంతా అవుట్‌లుక్‌లో ఉంటుంది. అందుకని వర్చువల్‌బాక్సో, వీఎంవేరో, ప్యారలల్సో పెట్టుకుని అందులో విండోస్ నడుపుకుంటారు. ఏళ్ల తరబడి పోగైన ఉత్తరాల ఫైలును ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న అప్పుడే వస్తుంది. చాలామందికి వెంటనే తోచేది షేర్డ్ ఫోల్డర్. వర్చువల్ మెషీన్ పాడైపోయినా మెయిల్ బయట, అసలు కంప్యూటర్‌లో భద్రంగా ఉంటుంది కదా అనుకుంటారు. వినడానికి సబబుగానే ఉన్నా, మెయిల్ ఫైలుకు అంతకంటే ప్రమాదకరమైన చోటు లేదు.

షేర్డ్ ఫోల్డర్ అసలు కంప్యూటర్ డిస్కులోనే ఉన్నా, లోపలి విండోస్‌కు అది నెట్‌వర్క్ డ్రైవ్‌గానే కనిపిస్తుంది. అవుట్‌లుక్ వాడే పీఎస్‌టీ ఫైలును నెట్‌వర్క్ మీద పెట్టి వాడొద్దని మైక్రోసాఫ్ట్ చాలాకాలంగా చెబుతూనే ఉంది. కారణం ఆ ఫైలు నిర్మాణంలోనే ఉంది. ఉత్తరాలు, జోడింపులు, క్యాలెండర్, చిరునామాలు అన్నీ ఆ ఒక్క ఫైలులోనే ఉంటాయి. ఏది ఎక్కడుందో చెప్పే సూచికలు, ఎంత చోటు ఖాళీగా ఉందో చెప్పే పట్టికలు కూడా అందులోనివే. పద్దు పుస్తకంలో ఒక్క పద్దు రాసినా సూచికనీ, నిల్వనీ దిద్దాల్సి వచ్చినట్టు, ఒక్క ఉత్తరం వస్తే ఫైలులో నాలుగైదు చోట్ల మార్పులు జరగాలి. ఆ మార్పుల మధ్యలో ల్యాప్‌టాప్ మూత పడి షేర్డ్ ఫోల్డర్‌తో సంబంధం తెగిపోతే, సూచిక ఒకటి చెబుతుంది, లోపల మరొకటి ఉంటుంది. మళ్లీ తెరిస్తే అవుట్‌లుక్ మొరాయిస్తుంది. స్కాన్‌పీఎస్‌టీ అనే మరమ్మతు ప్రోగ్రాం ఫైలును మళ్లీ తెరుచుకునేలా చేయగలదేమో గానీ, ప్రతి ఉత్తరాన్నీ వెనక్కి తెస్తుందన్న భరోసా లేదు.

ఫైలు సైజు సంగతి కూడా చూసుకోవాలి. అవుట్‌లుక్ 2002 దాకా వాడిన పాత పీఎస్‌టీకి హద్దు 2 జీబీ. 2003లో వచ్చిన కొత్త రూపానికి 20 జీబీ, 2010 నుంచి 50 జీబీ హద్దుగా పెట్టారు. ఉంది కదా అని 50 జీబీ నింపుకోవడం తెలివైన పని కాదు. ఏడాదికో ఫైలుగా విడదీసుకుంటే ఒకటి పాడైనా మిగతావి దక్కుతాయి.

అలాగని విండోస్ ఉన్న సీ డ్రైవ్‌లోనే వదిలేస్తే మరో చిక్కు, స్నాప్‌షాట్. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి వర్చువల్ డిస్క్ అలాగే ఆగిపోతుంది. ఆ తర్వాత రాసేదంతా వేరే ఫైలులోకి వెళుతుంది. వెనక్కి వెళ్లమంటే ఆ వేరే ఫైలును పారేయడమే. సోమవారం స్నాప్‌షాట్ తీశారనుకుందాం. గురువారం ఏదో అప్‌డేట్ వికటిస్తే సోమవారానికి వెళ్లిపోతారు. విండోస్ బాగుపడుతుంది, కానీ మధ్యలో వచ్చిన మెయిల్ డిస్కులో ఉండదు. మీ ఖాతా ఐమ్యాప్‌దో, ఎక్స్చేంజ్‌దో అయితే భయం లేదు. అసలు ప్రతి సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి అవుట్‌లుక్ మళ్లీ దించుకుంటుంది. పాప్ ఖాతా అయి, దించుకున్నాక సర్వర్‌లో చెరిపేసేలా పెట్టి ఉంటే మాత్రం ఆ ఉత్తరాలు పోయినట్టే. మీరు పంపినవి సాధారణంగా సర్వర్‌లో ఉండవు, అవీ పోతాయి. అందుకే మీ ఖాతా ఏ రకమో ముందు తెలుసుకోండి. పాప్ అయితే, సర్వర్‌లో కొన్నాళ్లు కాపీ ఉంచమనే ఆప్షన్‌ను ఆన్ చేయండి.

నా సలహా ఒక్కటే: వర్చువల్ మెషీన్‌కు రెండో డిస్క్ తగిలించండి. లోపలి విండోస్‌కు అది సొంత డీ డ్రైవ్, నెట్‌వర్క్ కాదు. వర్చువల్‌బాక్స్‌లో దాన్ని రైట్‌త్రూ రకంగానూ, వీఎంవేర్‌లో ఇండిపెండెంట్ పర్సిస్టెంట్‌గానూ పెడితే స్నాప్‌షాట్లు దాని జోలికి రావు. విండోస్ ఎన్నిసార్లు వెనక్కి వెళ్లినా మెయిల్ అలాగే ఉంటుంది. థండర్‌బర్డ్ వాడేవారికీ ఇదే పద్ధతి.

కరెంటు కోతలున్న చోట ఇంకో మాట. రాసిందంతా వెంటనే డిస్కు మీదికి చేర్చమని లోపలి విండోస్ అడిగినా, వర్చువల్‌బాక్స్ వేగం కోసం ఆ ఆదేశాన్ని మామూలుగా పక్కన పెడుతుంది. ఆ సంగతి దాని మాన్యువల్‌లోనే ఉంది. డెస్క్‌టాప్ మీద నడిపేవారికి యూపీఎస్ తప్పనిసరి.

ఇక బ్యాకప్. నడుస్తున్న వర్చువల్ మెషీన్ డిస్కును బయటి నుంచి కాపీ చేస్తే సగం పాత, సగం కొత్త ఫైలు చేతికి రావచ్చు. వారానికోసారి అవుట్‌లుక్‌ను పూర్తిగా మూసి, పీఎస్‌టీ కాపీని షేర్డ్ ఫోల్డర్‌లోకి పంపండి. ఆ ఫోల్డర్ సరిగ్గా పనికొచ్చేది ఇక్కడే. అక్కడి నుంచి దాన్ని బయటి హార్డ్ డిస్కుకు ఎక్కించండి. అప్పుడప్పుడూ ఆ కాపీని డీ డ్రైవ్‌లోకి తెచ్చుకుని, అవుట్‌లుక్‌లో తెరిచి, అందులో ఉత్తరాలు నిజంగా ఉన్నాయో లేదో చూసుకోండి.