మా ఇంటి మాంసాహారి

ఉల్లిపాయ కూడా వారం, వర్జ్యం చూసి వాడే ఇల్లు మాది. అటువంటి ఇంటికి కిందటి వైశాఖంలో ఒక మాంసాహారి వచ్చి చేరింది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి తన మొదటి జీతంతో నాకు కొని పంపిన మొక్క అది.

"చీమల్ని తినే మొక్కేమిట్రా, పాపం చుట్టుకోదూ?" అన్నది మా అమ్మ.

దీని ఆకు కొసన తీగ సాగి, ఆ తీగ చివర చిన్న కూజా వేలాడుతుంది. కూజా అంచున తేనె ఊరుతుంది. దానికి ఆశపడి వచ్చిన చీమ కాలు జారి లోపలి ద్రవంలో పడి, అక్కడే అరిగిపోతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని నెపెంథిస్ అంటారు. హోమరు కావ్యంలో దుఃఖాన్ని మరపించే ఔషధం ఒకటి వున్నది. లిన్నేయస్ ఆ పేరే దీనికి పెట్టాడు. మన దేశంలో మేఘాలయ కొండల్లో ఒక జాతి పెరుగుతుంది. నాకు వచ్చినది ఫిలిప్పీన్స్ దీవుల జాతులు రెండింటి సంకరం, పేరు వెంట్రాటా.

దుఃఖం మరపించడం మాట దేవుడెరుగు, నాకు మాత్రం తెచ్చిపెట్టింది. మొక్క అన్నాక ఎండ, ఎరువు వుండాలి గదా అని, పెట్టె విప్పిన రోజునే డాబా మీద పెట్టి, గుప్పెడు పశువుల ఎరువు వేసి, బోరునీళ్లు పోశాను. రాజమండ్రి ఎండ సంగతి వేరే చెప్పాలా! నాలుగో నాటికి ఆకులు తెల్లబడి, ఆపైన కాగితాల్లా ఎండిపోయినై. రోహిణి కార్తె రాకముందే మొక్క కన్నుమూసింది. అమ్మాయి ఫోనులో అడిగితే "బ్రహ్మాండంగా వుందమ్మా" అన్నాను. హరిశ్చంద్రోపాఖ్యానం పాఠం చెప్పే నోటితోనే!

నర్సరీలో అది పెరిగినది నీడవల కింద, నీటి తుంపరల మధ్య. నీడలో విచ్చిన ఆకు లేతగా వుంటుంది. ఒక్కసారిగా ఎండ తగిలితే కమిలిపోతుంది. ఎండ తగిలేచోట కొత్తగా పుట్టిన ఆకే ఎండకు తట్టుకునేట్టు తయారవుతుంది. అందుచేత మనం కాచుకోవలసింది ఆ కొత్త ఆకు కోసం. ఇక ఎరువు సంగతి. ఈ జాతి పుట్టింది సారంలేని నేలల్లో. మట్టిలో దొరకని నత్రజని కోసమే పురుగుల్ని పట్టడం మరిగింది. డార్విను 1875లో ఇటువంటి మొక్కల మీద ఒక గ్రంథమే రాశాడు. వాటి వేళ్లకు ఎరువూ, బోరునీటి లవణాలూ విషంతో సమానం.

రెండో మొక్కను రహస్యంగా తెప్పించాను. మృగశిర కార్తె ప్రవేశించి, నాలుగు వానలు పడిన తరువాతనే సుమా! మొదటి వారం తూర్పు వరండాలో, వెలుతురేగాని ఎండ పడని చోట వుంచాను. వున్న నాలుగు కూజాలూ వాడిపోయినై. నా గుండె జారింది. కాని చోటు మారినప్పుడు కూజాలు ఎండటం మామూలేనట. ఆకు పచ్చగా వుంటే ప్రాణం వున్నట్లే. రెండో వారం పొద్దున్న 7 నుంచి 8 దాకా ఎండ చూపించాను. మూడో వారం మరో గంట. మధ్యాహ్నపు ఎండ మాత్రం ఇప్పటికీ చూపించలేదు. వాననీళ్లు బకెట్లలో పట్టి పోశాను. వాన లేని రోజున ఎ.సి. గొట్టం నుంచి కారే నీళ్లు. కుండీలో వున్న కొబ్బరిపీచు తడి ఆరనివ్వలేదు, అడుగున నీళ్లు నిలవనివ్వలేదు. పక్కింటి పిల్లలు చచ్చిన ఈగల్ని తెచ్చి "అంకుల్, దీనికి భోజనం" అనేవాళ్లు. వద్దన్నాను. ఆరుబయట వున్న మొక్క తన తిండి తానే చూసుకుంటుంది.

శ్రావణంలో ఆకులు వచ్చినై, దళసరిగా, ఎర్రజీరతో. తీగల కొసలు మాత్రం వట్టివే. భాద్రపదంలో ఒకనాటి ఉదయం ఒక కొసన మినపగింజంత బుడిపె కనిపించింది! ఆనాటి నుంచి కాఫీ కన్నా ముందు దాని దర్శనమే. కొన్ని వారాలకు అది కూజాగా వూరి, మూత తెరిచింది. అమ్మ కళ్లజోడు సవరించుకుని లోపలికి తొంగి చూసి, "రెండు చీమలు పడ్డాయిరా!" అన్నది. పాపం మాట ఎత్తలేదు.

దసరాకు అమ్మాయి వచ్చింది. మురిసిపోతూ కుండీ చుట్టూ తిరిగి చూసింది.

"నాన్నా, నేను పంపిన కుండీ తెల్లది కదూ?"

కుండీ సంగతి నాకు తట్టనేలేదు. కాఫీ తెస్తానని వంటింట్లోకి నడిచాను.