మబ్బుల్లో బీరువా

మన తాతల కాలంలో ఒక సంసారానికి జీవితం మొత్తంమీద అయిదారు ఫోటోలుంటే గొప్ప. పెళ్ళికొకటి, షష్టిపూర్తికొకటి, పట్నం వెళ్ళినప్పుడు స్టూడియోలో కుర్చీ పక్కన నిలబడి తీయించుకున్నది మరొకటి. వాటికి పటాలు కట్టించి హాలులో వరుసగా తగిలించేవారు. ఇంటికి వచ్చిన చుట్టం తలెత్తి చూస్తే వంశమంతా కళ్ళకు కట్టేది.

ఇప్పుడు ఒక్క బారసాలకే మూడువందల ఫోటోలు తీస్తున్నాము. ఇక పెళ్ళి సంగతి చెప్పనక్కరలేదు. అయితే ఇన్ని ఫోటోలూ గోడమీద లేవు, ఆల్బములో లేవు. అరచేతిలో పట్టే ఫోనులో ఉన్నవి. ఆ ఫోను బస్సులో జారిపోయినా, నీళ్ళ బకెట్టులో పడినా, పసివాడి పుట్టువెంట్రుకల ఫోటో మొదలుకొని పోయిన నాయనమ్మ మాట్లాడిన నాలుగు మాటల వరకు అన్నీ దానితోపాటే పోతాయి. ఫోను మళ్ళీ కొనుక్కోవచ్చు. నాయనమ్మ గొంతును ఏ అంగట్లో కొంటాము?

ఈ ప్రమాదానికి విరుగుడుగా వచ్చినదే క్లౌడ్ స్టోరేజీ. దానికి అద్దె ఎంత? ఏది చవక? చవకైనది నమ్మదగినదేనా? నెల జీతం మీద బతికే ప్రతి ఇంటిలోను కలిగే ఈ సందేహాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మబ్బు నేలమీదే ఉన్నది

క్లౌడ్ అంటే మేఘం. పేరు విని, మన ఫోటోలు ఆకాశంలో ఎక్కడో తేలుతూ ఉంటాయనుకోనక్కరలేదు. నేలమీదనే పెద్ద పెద్ద భవనాలలో వేలకొద్దీ డిస్కులు రాత్రింబవళ్ళు నడుస్తూ ఉంటాయి. వాటిని డేటా సెంటర్లంటారు. మన ఫోటో ఇంటర్నెట్ మీదుగా అక్కడికి చేరి భద్రంగా ఉంటుంది. పేరున్న సంస్థలు ఒకే ఫైలుకు ఒకటికి మించిన నకళ్ళు ఉంచుతాయి గనుక ఒక డిస్కు చెడిపోతే మరొకటి ఆదుకుంటుంది. మన ఇంట్లోని ఒంటరి ఫోనుకంటే ఇది ఎన్నో రెట్లు మేలనడంలో సందేహం లేదు.

అయినా భవనం భవనమే. నిప్పుకు దానిమీద దయ లేదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్ నగరంలో ఓవీహెచ్ సంస్థవారి డేటా సెంటరొకటి అగ్నికి ఆహుతి అయినది. వేరేచోట నకలు ఉంచుకోని ఖాతాదారులు తమ సొత్తును శాశ్వతంగా పోగొట్టుకున్నారు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు తమ ఫైళ్ళు దాచుకునే 858 టెరాబైట్ల నిల్వ నాశనమైనది. దానికి మరోచోట నకలే లేదు. ఒక ప్రభుత్వానికే ఇటువంటి గతి పట్టినప్పుడు, ఉన్నదంతా ఒక్కచోటనే దాచడం మనకు తగని పని.

ముందు సామాను లెక్క

ఇల్లు అద్దెకు తీసుకునేవాడు ముందు సామాను చూసుకుంటాడు. ఇక్కడా అంతే. ఫోనుతో తీసిన ఫోటో ఒకటి సుమారు 3 ఎంబీ అనుకుందాం. వెయ్యి ఫోటోలకు 3 జీబీ కావాలి. ఏడాదికి మూడు వేల ఫోటోలు తీసే కుటుంబానికి 9 జీబీ. పదేళ్ళకు 90 జీబీ.

ఫోటోలు పెద్ద బరువు కావు. అసలు బరువు వీడియోలది. మామూలు స్పష్టతతో తీసిన ఒక్క నిమిషం వీడియో 60 నుంచి 130 ఎంబీ దాకా ఉంటుంది. అదే 4కే స్పష్టతతో తీస్తే 170 నుంచి 350 ఎంబీ. అంటే మేనకోడలి నాట్యాన్ని పది నిమిషాలు 4కేలో తీస్తే, అది సుమారు వెయ్యి ఫోటోల చోటు తినవచ్చు. కాబట్టి పెద్ద బీరువా కోసం పరుగెత్తేముందు ఫోను సెట్టింగులలో స్పష్టతను ఒక మెట్టు తగ్గించి చూడండి. తెల్లవారితే వాట్సాప్‌లో వచ్చిపడే శుభోదయం బొమ్మలను ఏరిపారేయండి. చాలామందికి సగం ఖర్చు అక్కడే తగ్గుతుంది.

ఉచితం ఎంతవరకు?

గూగుల్‌వారు ఒక ఖాతాకు 15 జీబీ, ఆపిల్‌వారు 5, మైక్రోసాఫ్ట్‌వారు 5, డ్రాప్‌బాక్స్‌వారు 2 జీబీ ఉచితంగా ఇస్తూ వచ్చారు. గూగుల్‌వారి 15లోనే మెయిలు, ఫైళ్ళు, ఫోటోలు మూడూ సర్దుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలోని వాట్సాప్ బ్యాకప్‌ను కూడా 2024లో అందులోనే కలిపారు.

సర్టిఫికెట్లకు మాత్రం వేరే దారి ఉన్నది. భారత ప్రభుత్వం 2015లో ప్రారంభించిన డిజీలాకరులో మన పత్రాలకు 1 జీబీ చోటు ఉచితం. డ్రైవింగ్ లైసెన్సువంటివి ఆయా శాఖలనుంచే నేరుగా అందులోకి వస్తాయి. అలా వచ్చినవాటికి అసలు పత్రంతో సమానమైన విలువ ఉన్నది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఇళ్ళను ముంచెత్తిన సంగతి మనమింకా మరచిపోలేదు. బీరువా అడుగు అరలోని మార్కుల జాబితా తడిస్తే ఏమవుతుందో అక్కడివారిని వేరే అడగనక్కరలేదు.

ఉచితమన్నది ఎల్లకాలం ఉండేది కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఫ్లికర్‌వారు 2013లో ఒక్కొక్కరికి ఏకంగా 1 టీబీ, అంటే వెయ్యి జీబీలు, ఉచితంగా ఇచ్చారు. 2018లో ఆ సంస్థ చేతులు మారగానే, ఉచిత ఖాతాకు వెయ్యి ఫోటోలే అన్నారు, మించినవాటిని తీసివేస్తామన్నారు. గూగుల్‌వారు సైతం హద్దులేని ఉచిత ఫోటోల నిల్వను 2021 జూన్ 1తో ముగించారు. 2025లో ఎయిర్‌టెల్‌వారు కొందరు ఖాతాదారులకు 100 జీబీ గూగుల్ చోటును ఉచితమన్నారు. కాని అది ఆరు నెలలకే. ఇటువంటి కానుకలను పుచ్చుకోవచ్చు. గడువు తేదీని మాత్రం కాలెండరుమీద గుర్తు పెట్టుకోవాలి.

అద్దె లెక్క

2024లో మన దేశంలో ఉన్న ధరలు చూడండి. గూగుల్‌వారి 100 జీబీకి నెలకు 130 రూపాయలు. ఏడాదికి ఒక్కసారే కడితే 1,300. అలా కడితే 260 రూపాయలు, అంటే రెండు నెలల అద్దె మిగులుతుంది. ఆపిల్‌వారి 50 జీబీకి నెలకు 75, 200 జీబీకి 219. ఇవి మారుతూ ఉంటాయి గనుక కొనేనాటి ధర చూసుకోవలసినదే.

ఇక జీబీ ఒక్కింటికి ఎంత పడుతున్నదో లెక్క కట్టండి. ఆపిల్‌వారి 50లో జీబీకి రూపాయిన్నర. గూగుల్‌వారి 100లో రూపాయి ముప్పై పైసలు. ఆపిల్‌వారి 200లో సుమారు రూపాయి పది పైసలు. కిలోల లెక్కన కొనేవానికంటె బస్తా కొనేవానికి చవక అన్నమాట. కాని ఇంట్లో నలుగురే ఉన్నప్పుడు బియ్యం పది బస్తాలు కొని పురుగు పట్టించుకునేవారుండరు గదా! 80 జీబీ సరుకున్నవారు 2 టీబీ తీసుకోవడం అటువంటిదే.

మరొక కిటుకు ఉన్నది. గూగుల్, ఆపిల్ రెండింటిలోను ఖాతాదారు తనతోపాటు కుటుంబంలో మరి అయిదుగురికి ఆ చోటును పంచవచ్చు. చోటు ఉమ్మడిదే అయినా ఎవరి ఫోటోలు వారివే. కోడలివి అత్తగారికి కనిపిస్తాయన్న భయం లేదు. మైక్రోసాఫ్ట్‌వారి కుటుంబ చందాలో ఆరుగురికి తలా 1 టీబీ వస్తుంది. వర్డు, ఎక్సెల్ అవసరమున్న ఇంటికి అది లాభం. ఇంట్లో ఐఫోన్లు, ఆండ్రాయిడ్ ఫోన్లు కలిసి ఉంటే రెండింటిలోను సుఖంగా నడిచేదానినే ఎంచుకోవాలి.

ఈ అద్దెకు అంతం లేదన్నది నిజం. ఏడాదికి 1,300 చొప్పున పదేళ్ళకు 13,000 అవుతుంది. మధ్యలో మానివేస్తే వెంటనే ఫోటోలు పోవు. కాని హద్దు మించి ఉంటే కొత్తవి చేరవు, మెయిళ్ళు రావు. రెండేళ్ళు అలాగే ఉంటే తీసివేసే హక్కును గూగుల్‌వారు తమవద్దనే ఉంచుకున్నారు.

అద్దం వేరు, నకలు వేరు

చాలామంది తెలియక నష్టపోయే చోటిది. ఫోనులోని ఫోటోలు క్లౌడులో కనిపిస్తున్నవంటే అది తరచు అద్దంలో ప్రతిబింబమే. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ ఫోటోస్‌లో భద్రపరచిన ఫోటోను చెరిపితే 60 రోజులు, ఆపిల్‌లో 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. ఆ తరువాత దేవుడు దిగివచ్చినా రాదు. ఫోనులో చోటు చేయాలనుకుంటే ఒక్కొక్క ఫోటోనూ చెరపకుండా, ఫోనులో చోటు ఖాళీ చేయడానికని ఆ యాప్‌లోనే ఇచ్చిన మీటను నొక్కాలి.

పెద్దవారికి సైతం ఈ పొరపాటు తప్పలేదు. 1998లో పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' చిత్రం తయారవుతూ ఉండగా ఎవరో ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో బొమ్మల ఫైళ్ళు వరసగా మాయం కాసాగాయి. తీరా చూస్తే, ఉన్నదనుకున్న బ్యాకప్ సరిగా పనిచేయడం లేదు! అప్పట్లో పసిబిడ్డ తల్లి అయిన గాలిన్ సస్మన్ అనే ఉద్యోగిని ఇంటినుంచి పని చేసుకోవడానికి ఒక నకలు ఉంచుకున్నది. ఆ కంప్యూటరునే కారులో జాగ్రత్తగా ఆఫీసుకు చేర్చి చిత్రాన్ని బతికించుకున్నారు.

మూడు, రెండు, ఒకటి

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటి ఉన్నది. ముఖ్యమైన ప్రతి ఫైలుకు మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల సాధనాలమీద ఉండాలి. ఒకటి ఇంటికి వెలుపల ఉండాలి. మన ఇళ్ళకు అన్వయిస్తే, ఫోనులో ఒకటి, ఇంట్లో హార్డ్ డిస్కుమీద ఒకటి, క్లౌడులో ఒకటి. హార్డ్ డిస్కు కూడా చిరంజీవి కాదు; అయిదేళ్ళకు ఒకసారి మార్చుకోవడం మంచిది.

మొదటిసారి అంతా ఎక్కించడానికి ఓపిక కావాలి. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో 100 జీబీ ఎక్కించడానికి సుమారు 22 గంటలు పడుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ఫోను ప్యాకుమీదనైతే 67 రోజులు! కాబట్టి వైఫై ఉన్నచోట, రాత్రి పడుకునేముందు మొదలుపెట్టండి.

తాళం చెవి ఎవరి వద్ద?

బీరువా ఎంత గట్టిదైనా తాళం చెవి గుమ్మంమీద పెడితే లాభం లేదు. ఇంటి ఖాతాకు గట్టి పాస్‌వర్డు, దానితోపాటు రెండంచెల తనిఖీ పెట్టుకోవాలి. ఫోను పోతే లోనికి వెళ్ళడానికి ఇచ్చే అత్యవసర సంఖ్యలను కాగితంమీద వ్రాసి, ఇంటి దస్తావేజులతోపాటు దాచాలి.

ఇంతకంటె ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. చెప్పడానికి కష్టమే, అయినా తప్పదు. కుటుంబంలో ఫోటోలన్నీ తరచు ఒక్కరి ఖాతాలోనే ఉంటాయి. ఆ మనిషి కాలం చేస్తే? రెండేళ్ళు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను తీసివేస్తామని గూగుల్‌వారు ప్రకటించి, 2023 డిసెంబరునుంచి అమలు మొదలుపెట్టారు. అటువంటి సందర్భంలో ఎవరికి అప్పగించాలో ముందుగానే చెప్పే ఏర్పాటు వారివద్దనే ఉన్నది. ఆపిల్‌లోను 2021 డిసెంబరునుంచి వారసుని పేరు నమోదు చేసే వీలున్నది. పొలానికి, ఇంటికి వీలునామా వ్రాసేవారు పిల్లల బాల్యానికి వ్రాయకపోవడం అన్యాయం.

ఇవన్నీ చేసిన తరువాత ఈ ఆదివారం ఒక చిన్న పరీక్ష పెట్టండి. మీ ఫోను పక్కన పెట్టి, మీ ఖాతాతో వేరే కంప్యూటరులో ప్రవేశించి, అయిదేళ్ళ కిందటి ఫోటో ఒకటి వెతికి తెరవండి. తెరుచుకుంటే మీరు కడుతున్న అద్దె సార్థకమైనట్లే. తెరుచుకోకపోతే, ఫోను ఇంకా చేతిలో ఉండగానే తెలిసినందుకు సంతోషించి, ఆ పూటే సరిచేసుకోండి.